క్రీస్తులో కులం లేదంటే? చర్చిలో న్యాయం గురించి సాగే వాదన

2025 ఆగస్టులో చెన్నై రిప్పన్ బిల్డింగ్ ముందు పారిశుధ్య కార్మికులు రోజుల తరబడి బైఠాయించారు. రాయపురం, తిరు.వి.క. నగర్ జోన్లలో చెత్త పనిని ప్రైవేటు కంపెనీకి అప్పగించడం మీద గొడవ. 13వ తేదీ అర్ధరాత్రి పోలీసులు వాళ్లను అక్కణ్ణుంచి లేపి తీసుకుపోయారు. ఈ నగరంలో చీపురు పట్టిన చేతుల్లో తెలుగు చేతులు తరాలుగా ఉన్నాయి. నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి తాతల కాలంలో వచ్చిన కుటుంబాలవి. వాటిలో చాలా ఇళ్లవాళ్లు ఆదివారం తెలుగు ఆరాధనకు వెళతారు.

ఇలాంటిది జరిగినప్పుడల్లా సంఘాల్లో ఒక వాదన లేస్తుంది. "ప్రార్థన చేద్దాం, ఇబ్బందిలో ఉన్నవాళ్లకు బియ్యం పంపిద్దాం, ధర్నాలూ యూనియన్లూ మన పని కాదు. 'నా రాజ్యము ఈ లోకసంబంధమైనది కాదు' అని ప్రభువే అన్నాడు కదా" అని కొందరు. "కూలివాడి కూలి బిగబట్టినవాళ్లను యాకోబు పత్రిక ఎలా కడిగేసిందో ఒకసారి చదవండి, వెళ్లి వాళ్ల పక్కన కూర్చోవాలి" అని ఇంకొందరు. రెండు పక్షాల చేతుల్లోనూ ఉన్నది అదే బైబిలు. బయటివాళ్లకు ఇది రాజకీయ తగాదాలా కనిపిస్తుంది గానీ, లోపల ఉన్నది దైవశాస్త్రమే.

ముందు ఒకటి పక్కన పెట్టేయొచ్చు. దానధర్మాల దగ్గర ఎవరికీ పేచీ లేదు. రాయపురంలో రైనీ ఆస్పత్రి కట్టినా, పల్లెల్లో హాస్టళ్లు పెట్టినా, వరదలొస్తే అన్నం పొట్లాలు పంచినా అందరూ మెచ్చుకుంటారు. ఆకలైనవాడికి అన్నం పెట్టినంతసేపూ చర్చి అందరికీ మంచిదే. వాడికి ఆకలి ఎందుకు వేస్తోందని అడిగినప్పుడు మొదలవుతుంది టెన్షన్.

ఆ ప్రశ్న అడగొచ్చా లేదా అన్నది రెండు నమ్మకాల మీద ఆధారపడి ఉంది. ఒకటి పాపం గురించి, రెండోది దేవుని రాజ్యం గురించి.

ఉజ్జీవ కూటాల్లో పాపం అంటే తాగుడు, వ్యభిచారం, అబద్ధం, కోపం. మనిషి చేసేది, మనిషి ఒప్పుకునేది, మనిషికి క్షమాపణ దొరికేది. మనుషులు మారితే సమాజం దానంతటదే మారుతుందన్నది దీని వెనకున్న లెక్క. రెండో పక్షం ఈ లెక్కను కాదనదు, చాలదంటుంది. చెత్త పని టెండరే తీసుకోండి. తక్కువకు కోట్ చేసినవాడికి పని ఇస్తారు, ఆ అధికారి నిబంధన పాటించాడు. కాంట్రాక్టరు టెండరులో మిగిలేదాన్నిబట్టి జీతం ఇస్తాడు, అతనూ వ్యాపారం చేశాడు. పన్ను పెరగకూడదని మనం కోరుకుంటాం, అదీ తప్పు కాదు. ఎవరి మనస్సాక్షికీ మచ్చ లేదు, కానీ తెల్లవారుజామున గ్లౌజులు లేకుండా కాలవలో చెయ్యి పెట్టేది మాత్రం ఎప్పుడూ అదే కులం మనిషి. ఏ ఒక్కరూ ఒప్పుకోనక్కర్లేని పాపం ఒకటుందనీ, అది ఏర్పాట్లలో, రివాజుల్లో, చట్టాల్లో గూడు కట్టుకుని ఉంటుందనీ న్యాయం మాట్లాడే దైవశాస్త్రం అంటుంది. తప్పంతా వ్యవస్థదే అంటే మనిషి తప్పించుకుపోడా అని దీనికో అభ్యంతరం ఉంది. అది తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు. వేదికల మీద వ్యవస్థను తిట్టి ఇంట్లో పనిమనిషికి వేరే గ్లాసు పెట్టేవాళ్లు అన్ని మతాల్లోనూ ఉన్నారు.

రెండోది రాజ్యం. తెలుగు క్రైస్తవుల్లో రెండవ రాకడ గురించిన బోధ చాలా బలమైనది. ప్రభువు రేపో మాపో వచ్చేస్తుంటే ఇళ్ల పట్టాల గురించి కొట్లాడటమెందుకు అన్న మాట అందులోంచే పుడుతుంది. కానీ అదే జనం ప్రతి ఆదివారం నోటికి చెప్పే ప్రభువు ప్రార్థనలో "నీ చిత్తము పరలోకమందు నెరవేరుచున్నట్లు భూమియందును" అని ఉంది. ఆ 'భూమియందును' దగ్గర ఎవరూ ఆగరు. నజరేతు సమాజమందిరంలో యేసు యెషయా గ్రంథం తెరిచి చదివింది కూడా బీదలకు సువార్త గురించి, చెరలో ఉన్నవారి విడుదల గురించి, నలిగినవారి గురించి. అది ఆత్మీయ చెర మాత్రమే అని ఒకరు, అసలు జైలు, అసలు అప్పు అని ఇంకొకరు. గొడవ ఇక్కడే.

పాత నిబంధన దగ్గరికి వస్తే 'ఆత్మీయం మాత్రమే' అన్న వాదన నిలబడటం కష్టం, నా దృష్టిలో. లేవీయకాండం 19లో పొలం కోసేటప్పుడు ఓరలు పూర్తిగా కోయవద్దనీ, రాలిన పరిగె ఏరుకోవద్దనీ, అది బీదలకూ పరదేశులకూ వదిలేయాలనీ ఉంది. పరిగె అంటే ఏమిటో కోస్తా జిల్లాల్లో కూలి చేసిన పెద్దవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఇక్కడ రైతు దయ తలచి ఇస్తున్నది ఏమీ లేదు. ఆ ఓర అతనిది కాదు, అంతే. మోయాబు నుంచి వచ్చిన రూతు బోయజు పొలంలో అడుగుపెట్టింది ఈ హక్కు మీదే. లేవీయకాండం 25 ఇంకా ముందుకు వెళ్లి, యాభయ్యో ఏట అమ్ముడుపోయిన భూమి తిరిగి పాత కుటుంబానికే చేరాలంటుంది. అది దేశమంతటా అమలైనట్టు దాఖలాలు లేవు. అయినా రాసిపెట్టారు, చెరిపేయలేదు.

ప్రవక్తల సంగతి చెప్పనే అక్కర్లేదు. క్రీస్తుకు పూర్వం 8వ శతాబ్దంలో తెకోవ అనే ఊరి పశువుల కాపరి ఆమోసు ఉత్తరాన ఇశ్రాయేలు రాజ్యానికి వెళ్లి, చెప్పుల జోడు కోసం బీదలను అమ్మేస్తున్నారని కేక పెట్టాడు. మీ పండగలు నాకు అసహ్యం, మీ పాటల ధ్వని నా దగ్గర నుంచి తీసేయండి, న్యాయాన్ని నీళ్లలా పారనివ్వండి అని దేవుడు అంటున్నట్టు చెప్పాడు. కీబోర్డూ ప్యాడ్సూ స్పీకర్లూ పెట్టుకుని గంటల తరబడి స్తుతి ఆరాధన చేసే మన సంఘాల్లో ఆమోసు ఐదో అధ్యాయం మీద ప్రసంగం ఎంత అరుదో గమనించారా?

"బీదలెల్లప్పుడును మీతోకూడ ఉందురు" అని యేసు అన్న మాటను చాలామంది, పేదరికం ఎప్పటికీ పోదు కాబట్టి దాని గురించి బాధపడనక్కర్లేదు అన్నట్టు వాడతారు. అది ద్వితీయోపదేశకాండం 15లోంచి వచ్చిన మాట. అక్కడ దాని వెంటనే ఉన్నది, కాబట్టి నీ చెయ్యి చాపి తీరాలి అని. ఆ అధ్యాయం మొదలయ్యేది ఏడేళ్లకొకసారి అప్పులు రద్దు చేయాలన్న నియమంతో.

అయితే రెండో వైపు కూడా చూడాలి. దాసులారా యజమానులకు లోబడండి అన్నదీ బైబిల్లోనే ఉంది, అధికారులకు లోబడమనే రోమా 13 కూడా ఉంది. అమెరికా తోటల యజమానులు వాటినే చదివి నల్లవాళ్లను బానిసలుగా ఉంచుకున్నారు. అదే పుస్తకం చదివి విలియం విల్బర్‌ఫోర్స్ ఇంగ్లండులో బానిస వ్యాపారాన్ని 1807లో రద్దు చేయించాడు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్షను బైబిలుతో సమర్థించిన చర్చీ ఉంది, వర్ణవివక్షను సమర్థించడం దుర్బోధ అని 1982లో ప్రకటించిన సంస్కరణవాద చర్చిల కూటమీ ఉంది. అంచేత ఏ వచనం ఉందన్నదాంతో వాదన తేలదు. ఎవరు చదువుతున్నారు, ఏ గడపలో నిలబడి చదువుతున్నారు అన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

ఆధునిక కాలంలో, పాపాన్ని వ్యవస్థల్లో కూడా చూసే ఈ చూపుకు బాగా పేరుమోసినవాడు అమెరికా బాప్టిస్టు పాస్టరు వాల్టర్ రౌషెన్‌బుష్. 1886 నుంచి న్యూయార్క్ మురికివాడ అంచున పాస్టరుగా పనిచేస్తూ, పసిపిల్లల శవపేటికలు సాగనంపి సాగనంపి, రక్షణ అనేది ఒక్కో ఆత్మకు విడిగా జరిగేది మాత్రమే కాదన్న నిర్ణయానికి వచ్చాడు. 'సామాజిక సువార్త' అని పేరుపడిన ఉద్యమానికి పెద్ద గొంతు ఆయనదే. ఇందులో తెలుగువాళ్లకు తెలియని ముక్క ఒకటుంది. ఆయన మొదట మిషనరీగా మన దగ్గరికే రావాలనుకున్నాడు, అప్పటి నెల్లూరు జిల్లా రామాపట్నంలోని బాప్టిస్టు సెమినరీకి. పాత నిబంధన గురించి ఆయన అభిప్రాయాలు మరీ ఉదారంగా ఉన్నాయని ఒక ప్రొఫెసరు అడ్డు చెప్పడంతో అది ఆగిపోయింది. ఆయన రాలేదు గానీ ఆయన అక్క ఎమ్మా 1882లో వచ్చింది. తర్వాత ఒంగోలు మిషనరీ జాన్ క్లౌను పెళ్లి చేసుకుంది. స్విట్జర్లాండులో మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద డాక్టరేటు చేసిన ఈ మనిషి, మాదిగపల్లెల్లో పెద్దలు చెప్పిన కథలు కూర్చి పుస్తకంగా తెచ్చింది.

క్లౌ కథ దగ్గర కాసేపు ఆగాలి. పుస్తకాల్లోని దైవశాస్త్రం తెలుగు నేల మీద ఏమైందో తెలిసేది అక్కడే. 1866లో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వ్యాపారి బాప్తిస్మం తీసుకుని, తన వాళ్లను వెంటబెట్టుకు రావడం మొదలుపెట్టాడు. మిషను చరిత్రల్లో తెల్లదొర మతం మార్చినట్టు రాస్తారు గానీ, ఊరూరా తిరిగింది పేరయ్యలాంటివాళ్లే. ఒంగోలులో పైకులాల పెద్దలు క్లౌకు చెప్పింది ఒకటే: మాదిగలను చేర్చుకుంటే మేం రాము. బళ్లో పైకులాల పిల్లలు మానేశారు. ఏం చేయాలో తోచక క్లౌ, ఆయన మొదటి భార్య చెరో గదిలో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఒకటో అధ్యాయమే ఎదురైందట. లోకంలో నీచులైనవారిని, ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న చోటు. మాదిగలను వదులుకోలేదు. అదొక దైవశాస్త్ర నిర్ణయం. దాని ఫలితం మాత్రం సామాజికం.

తర్వాత 1876-78 కరువు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కరువు పనిగా సాగింది. ఇవాళ చేపాక, మైలాపూరు పక్కన లోకల్ రైలు స్టేషన్ల కింద నల్లగా కంపు కొడుతున్న కాలువే అది. కూవం నుంచి అడయారు వరకు ఉన్న ముక్కనూ ఆ కరువులోనే తవ్వారు. ఉత్తరాన ఒంగోలు వైపు పనిలో పర్యవేక్షకులు మాదిగ కూలీలను వేధిస్తుంటే, సర్వే పని తెలిసిన క్లౌ మూడు మైళ్ల పైచిలుకు ముక్కను తనే కాంట్రాక్టు తీసుకున్నాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. అక్కడ జరిగింది గంజి పోయడం కాదు. కూలి ఇవ్వడం, కొట్టకుండా ఇవ్వడం. కరువు నడుస్తున్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు, బియ్యం కోసం వచ్చారన్న మాట పడకూడదని. పనులు అయిపోయాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

'అన్నం కోసం మారారు' అన్న వెక్కిరింత ఇప్పటికీ వింటూనే ఉంటాం. కరువులో కడుపు నింపుకోవాలనుకోవడం సిగ్గుపడాల్సిన విషయమన్నట్టు. కొట్టకుండా కూలి ఇచ్చిన దేవుణ్ని నమ్మడం తెలివైన పనే అని నాకనిపిస్తుంది.

మిషను పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహారాధన చేయకూడదు. వినడానికి ఇవి పూర్తిగా మతపరమైనవి. కానీ ఊరి జాతరలో డప్పు కొట్టనంటే, చచ్చిన గొడ్డును మోయనంటే, వారంలో ఒక రోజు రానంటే వెట్టి వ్యవస్థ కింద పునాది కదిలిపోతుంది. ఆసాములు కొట్టారు, నీళ్లు బంద్ చేశారు. సామాజిక న్యాయం అన్న మాట నోట రాకుండానే వాళ్లు దాని కోసం దెబ్బలు తిన్నారు. ఈ గెలుపుకి ఒక మూల్యం కూడా ఉంది. డప్పు పోయింది. అది సైతాను వాయిద్యమైపోయింది. వందేళ్ల తర్వాత బెంగళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీలో బోధించిన సత్యనాథన్ క్లార్క్ ఆ డప్పులోనే (తమిళంలో పరై) క్రీస్తును చూడొచ్చని రాశాడు. ఇవాళ కొన్ని సెమినరీల ఆరాధనల్లో డప్పు మోగుతోంది. చాలా పల్లె సంఘాల్లో మాత్రం పెద్దవాళ్లు దాన్ని ఇంకా లోపలికి రానివ్వరు. ఏ అవమానం నుంచి బయటపడటానికి దాన్ని వదిలేశారో వాళ్లకు తెలుసు, డిగ్రీ చదివిన కుర్రాళ్లకు తెలియదు. ఇద్దరి పక్షాన నిజం ఉంది.

ఇరవయ్యో శతాబ్దపు పెద్ద కథ లాటిన్ అమెరికాది. దాన్ని క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1968లో కొలంబియాలోని మెడెయిన్‌లో కలిసిన కాథలిక్ బిషప్పులు పేదల పక్షం వహించాలన్నారు. పెరూ దేశపు ఫాదర్ గుస్తావో గుతియెరెజ్ దానికి విమోచన దైవశాస్త్రం అని పేరు పెట్టి సిద్ధాంతం కట్టాడు. ఎల్ సాల్వడోర్‌లో ఆర్చిబిషప్ ఆస్కార్ రొమెరోను 1980 మార్చి 24న పూజ చేస్తుండగా కాల్చి చంపారు. విమోచన దైవశాస్త్రంలో మార్క్సిజం ఎక్కువైందని 1984లో వాటికన్ హెచ్చరిక జారీ చేసింది. అదే వాటికన్ 2018లో రొమెరోను పునీతుడిగా ప్రకటించింది. వర్గపోరాటమే చరిత్ర మొత్తం అనేస్తే సువార్తకు పని లేకుండా పోతుందన్న విమర్శలో పస ఉంది. కానీ కూలి గురించి ఎవరు నోరెత్తినా 'కమ్యూనిస్టు' అని ముద్ర వేసేయడం బద్ధకం. ఆమోసు మార్క్సుకు రెండున్నర వేల ఏళ్ల ముందువాడు. సువార్తికులు (ఎవాంజెలికల్ క్రైస్తవులు) కూడా 1974లో స్విట్జర్లాండులోని లౌసాన్‌లో కలిసినప్పుడు, సువార్త ప్రకటననూ సామాజిక బాధ్యతనూ ఒకదానికొకటి పోటీగా చూసినందుకు పశ్చాత్తాపం ప్రకటించారు. ఆ సభ పిలిచింది అమెరికా ప్రసంగీకుడు బిల్లీ గ్రాహం. ఆయన పేరు చెప్పుకునే మన పాస్టర్లు ఈ సంగతి చెప్పగా నేను వినలేదు.

మన దగ్గర మలుపు 1981లో, బెంగళూరులో వచ్చింది. యునైటెడ్ థియలాజికల్ కాలేజీలో దళిత దైవశాస్త్రవేత్త అరవింద్ నిర్మల్ చేసిన ఒక ప్రసంగం భారతీయ క్రైస్తవ ఆలోచనను పట్టి కుదిపింది. అప్పటిదాకా 'భారతీయ క్రైస్తవ దైవశాస్త్రం' అంటే వేదాంతంతో, భక్తితో, యోగంతో క్రీస్తును కలపడం. మద్రాసు క్రైస్తవ కాలేజీలో చదివిన మన పి. చెంచయ్య కూడా ఆ దారివాడే. క్రీస్తులో కొత్త సృష్టిని చూసిన గొప్ప బుర్ర, కానీ ఆయన రాతల్లో మాదిగపల్లె కనిపించదు. చర్చిల్లో అత్యధికులు దళితులు, దైవశాస్త్రం మాత్రం బ్రాహ్మణ సంప్రదాయంతో మంతనాలాడుతోంది. ఇదేం లెక్క అని నిర్మల్ అడిగాడు. లాటిన్ అమెరికా నమూనానూ ఆయన యథాతథంగా తీసుకోలేదు. అక్కడ పేదరికం చూశారు, ఇక్కడ కులం ఉంది. డబ్బొస్తే పేదరికం పోతుంది, కులం పోదు. ద్వితీయోపదేశకాండం 26లో ఇశ్రాయేలీయులు 'మా తండ్రి దిక్కులేని అరామీయుడు' అని మొదలుపెట్టి తమ కథ చెప్పుకుంటారు. అలాగే 'మా పితరులు ఊరి బయట ఉన్నవాళ్లు' అని మొదలుపెట్టి దళితులు తమ విశ్వాస కథ చెప్పుకోవాలన్నాడు. పేదల పక్షాన చర్చి నిలబడటం వేరు, పేదలే చర్చి కావడం వేరు. ఆ తర్వాత కీల్పాక్‌లోని గురుకుల్ లూథరన్ కాలేజీలో దళిత దైవశాస్త్ర విభాగం ఆయన ఆధ్వర్యంలోనే నడిచింది. చెన్నై తెలుగువాళ్లలో ఎంతమంది ఆ గేటు ముందు నుంచి బస్సులో రోజూ వెళుతుంటారో!

ఈ దైవశాస్త్రానికీ ఎదురు ప్రశ్నలు వచ్చాయి. బాధనే పట్టుకు వేలాడితే బలం ఎక్కణ్ణుంచి వస్తుంది? దళిత స్త్రీ ఎక్కడ? మాలా మాదిగా మధ్య ఉన్న గోడ సంగతేమిటి? ఇవన్నీ లోపలివాళ్లే వేసిన ప్రశ్నలు, వాటిమీద ఇంకా రాస్తూనే ఉన్నారు.

ఇక అసలు చిక్కుముడికి వస్తున్నాను. చెన్నైలో జనరల్ ప్యాటర్స్ రోడ్డు మూల మీద, మౌంట్ రోడ్డుకు దగ్గర్లో, సూసై అనే ఆయన చెప్పులు కుట్టుకునేవాడు. ఆది ద్రావిడుడు, క్రైస్తవుడు. 1980ల మొదట్లో రోడ్డు పక్కన చెప్పులు కుట్టే ఎస్సీలకు ప్రభుత్వం ఉచితంగా బంకులు ఇచ్చింది. ఆయన పక్కన కూర్చుని అదే పని చేసే హిందువులకు వచ్చాయి, ఆయనకు రాలేదు. ఎందుకంటే 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఇచ్చిన ఎస్సీ ఉత్తర్వు ప్రకారం హిందువులు మాత్రమే ఎస్సీలు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులను, ముస్లిములను కలపలేదు. సూసై సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1985 సెప్టెంబర్ 30న కోర్టు ఆయన పిటిషన్ కొట్టేసింది. మతం మారాక కూడా కులం ఉందని చూపిస్తే చాలదు, దాని వల్ల కలిగే వెనకబాటు కొత్త మతంలోనూ అంతే తీవ్రంగా కొనసాగుతోందని రుజువు చేయాలంది.

ఆ తీర్పుకు రెండున్నర నెలల ముందే, జులై 17న, అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో దాడి జరిగింది. తాగునీటి చెరువు దగ్గర పశువుల కుడితి బకెట్ కడగడంతో రాజుకున్న గొడవ, ఆరుగురు మాదిగల హత్య. అక్కడ అడ్డుపడి బిందె ఎత్తిన మహిళ పేరు సువార్త. చనిపోయినవాళ్ల పేర్లలో మోషే ఉంది. గొడ్డళ్లతో వచ్చినవాళ్లు ఎవరి బాప్తిస్మపు సర్టిఫికెట్టూ అడగలేదు.

కొత్త మతంలో కులం బాధ ఉందని విడిగా రుజువు చేయాలన్న మాటను కోర్టు ఎక్కడి నుంచి తెచ్చుకుంది? క్రైస్తవంలో కులం లేదు అన్నది చర్చి స్వయంగా చెప్పుకునే మాటే. గలతీ పత్రిక మూడో అధ్యాయంలో యూదుడని గ్రీసుదేశస్థుడని, దాసుడని స్వతంత్రుడని, పురుషుడని స్త్రీ అని లేదు, క్రీస్తునందు అందరూ ఒక్కటే అని పౌలు రాశాడు. ఆ వచనాన్ని మనవాళ్లు రెండు రకాలుగా చదువుతారు, తేడా గమనించకుండా. ఒకటి, ఇలా ఉండాలి, లేకపోతే అది పాపం అన్న ఆజ్ఞగా. రెండోది, ఇప్పటికే ఇలా ఉంది అన్న వర్ణనగా. మొదటి చదువు కులం మీద కర్ర ఎత్తుతుంది. రెండో చదువు కులాన్ని దుప్పటి కప్పి దాస్తుంది. పౌలు దాన్ని వర్ణనగా రాయలేదని అర్థం చేసుకోవడానికి అదే పౌలు కొరింథు సంఘాన్ని తిట్టిన చోటు చాలు. అక్కడ ప్రభువు బల్ల దగ్గర ఉన్నవాళ్లు ముందే తిని తాగేస్తుంటే లేనివాళ్లు ఆకలితో ఉంటున్నారు.

మద్రాసు చర్చిలకు ఇది కొత్తేమీ కాదు. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్, చర్చిల్లో కుల భేదాలు వెంటనే, పూర్తిగా మానేయాలని ఉత్తరం పంపిస్తే తంజావూరులో, ఇక్కడ వేపేరిలో పైకులాల సభ్యులు ఎదురుతిరిగారు. తమిళనాడులో కొన్నిచోట్ల శ్మశానంలో కులానికో భాగం చేస్తూ కట్టిన గోడలు మన కాలం దాకా నిలిచాయి. తెలుగు సంఘాల్లో గోడలు కనిపించవు. అవి బిషప్ ఎన్నికల్లో, పెళ్లి సంబంధాల్లో, ఊరి రెండు చివర్లా ఉన్న రెండు బాప్టిస్టు చర్చిల్లో కనిపిస్తాయి.

అంటే పీటముడి ఇలా పడింది. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కావాలంటే, చర్చిలో కులం ఉంది, అది కరకుగానే ఉంది అని చర్చి ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే 'మా మతంలో కులం లేదు, రండి' అని చెప్పుకోవడం కుదరదు. ఒప్పుకోకపోతే తన సభ్యుల హక్కుకు వ్యతిరేకంగా చర్చే సాక్ష్యం చెప్పినట్టు అవుతుంది. దశాబ్దాల పాటు చాలామంది నాయకులు రెండూ ఒకేసారి చెప్పబోయారు. కాథలిక్ బిషప్పుల సమాఖ్య 2016 డిసెంబరులో విడుదల చేసిన దళిత విధాన పత్రంలో మాత్రం దాపరికం లేదు. దేశంలో 1.9 కోట్ల కాథలిక్కుల్లో 1.2 కోట్ల మంది దళితులేననీ, నాయకత్వంలో వాళ్ల వాటా చాలా తక్కువనీ, లోపల అంటరానితనం ఉందనీ రాశారు. దాదాపు ఆరేళ్ల తర్వాత, 2022 ఆగస్టులో, కర్నూలు జిల్లాలో పుట్టిన పూల ఆంథోని తొలి దళిత కార్డినల్ అయ్యారు.

రాజకీయం వైపు చూస్తే, రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టొద్దంది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు అసెంబ్లీలు 2023లో దళిత క్రైస్తవులకు ఆ హోదా ఇవ్వాలని కోరుతూ తీర్మానాలు చేశాయి. ఈ సంగతి పరిశీలించడానికి కేంద్రం 2022లో వేసిన కె.జి. బాలకృష్ణన్ కమిషన్ గడువు పెరుగుతూ వచ్చింది. ఈలోగా 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, తన మీద కులదూషణ, దాడి జరిగాయని ఒక పాస్టరు పెట్టిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కేసును కొట్టేసింది. క్రైస్తవుడిగా మారినవాడికి ఆ చట్టం వర్తించదన్నది కారణం. ఆంధ్ర, తెలంగాణల్లో ఇలా మారినవాళ్లకు మిగిలింది బీసీ-సి కింద 1 శాతం. అందుకే మన ఇళ్లలో చాలామందికి బళ్లో రెడ్డయ్య, చర్చిలో రత్నం అని రెండు పేర్లు ఉంటాయి. దాన్ని కపటం అనేవాళ్లున్నారు. నాకు మాత్రం అందులో కనిపించేది మనిషిని రెండు ముక్కలుగా చీలిస్తే గానీ చేతికి సర్టిఫికెట్ ఇవ్వని చట్టం.

ప్రతి ఆగస్టు 10నీ చర్చి సమాఖ్యలు నల్లదినంగా పాటిస్తాయి. 2025లో అది ఆదివారం పడింది. రిప్పన్ బిల్డింగ్ ముందు కార్మికులు అప్పటికింకా రోడ్డు మీదే ఉన్నారు. ఒక కూడిక 1950 ఉత్తర్వు గురించి, ఇంకో గుంపు జీతం గురించి. రెండింటిలోనూ ఉన్నది చాలావరకు అవే కుటుంబాలు అన్నది ఎందరికి తట్టిందో.

సెమినరీ మాటలు సంఘం బెంచీల దాకా ఎందుకు రావు అన్నది ఒకటి మిగిలింది. జనం పెంతెకొస్తు ప్రార్థనా మందిరాలకు వెళుతున్నారు, అక్కడ స్వస్థత, ఆశీర్వాదం, ఉద్యోగం గురించి చెబుతారు. న్యాయం మాట్లాడేవాళ్లు దీన్ని చిన్నచూపు చూస్తారు. నేను చూడలేను. మొగుడు తాగుడు మానేసి జీతం ఇంటికి తెస్తే ఆ ఇంట్లో ఆడమనిషికి అది ఏ తీర్మానం కన్నా పెద్ద విడుదల. పొద్దున్నంతా 'ఏయ్' అని పిలిపించుకున్నామెను సాయంత్రం మైకు ఇచ్చి 'సిస్టర్, సాక్ష్యం చెప్పండి' అనడం చిన్న సంగతి కాదు. అక్కడితో ఆగిపోవడమే లోపం. కోలార్ బంగారు గనుల తెలుగు కుటుంబంలో, తరతరాలుగా మలం ఎత్తిన ఇంట్లో పుట్టిన బెజవాడ విల్సన్, ఆ పని చేయించడం నేరమని దేశాన్ని ఒప్పించడానికి జీవితం పెట్టాడు. 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. తట్టలు తగలబెట్టించడం, కేసు వేయడం, చట్టం తెప్పించడం ఆ పనిలో భాగాలు. దాన్ని ప్రార్థనకు ఎదురు పెట్టాల్సిన అవసరం ఎక్కడా కనిపించదు.

ఇంత దూరం వెళ్లలేని సంఘాలకు దగ్గర్లోనే ఒక పని ఉంది. మన చర్చిలకు స్కూళ్లున్నాయి, కాంపౌండ్లున్నాయి, వాటికి వాచ్‌మన్లు, ఆయాలు, మరుగుదొడ్లు కడిగేవాళ్లు ఉన్నారు. యాకోబు పత్రిక ఐదో అధ్యాయంలో మొర పెడుతున్న కూలి ముందు వీళ్లదే. రెండవ రాకడ మీద ఎవరి అభిప్రాయం ఏదైనా ఈ లెక్క చూడటానికి అడ్డు రాదు. సర్వసభ్య సమావేశంలో కోశాధికారి జమాఖర్చులు చదివేటప్పుడు, ఆయాకు కనీస వేతనం అందుతోందా, పీఎఫ్ కడుతున్నారా, ఆమె ఏ గేటు నుంచి లోపలికి వస్తుంది అని ఎవరైనా లేచి అడగొచ్చు. అడిగితే ఏమవుతుందో కూడా అందరికీ తెలుసు: ఆత్మీయ విషయాలు మాట్లాడుకుందాం కూర్చోండి అంటారు.